సర్వాయి పాపన్న – మన గడ్డ మీద ఒక గీత కార్మికుని చరిత్ర



ఈ ప్రత్యేక సంచికలో ఎవరి శాఖకు దగ్గరైన మనిషి జీవితం గురించి వారు రాయాలని మన కార్యవర్గం నిర్ణయించింది. రెవెన్యూ మిత్రులకు సాలార్‌జంగ్ ఉన్నారు. నీటిపారుదల శాఖ వారికి అలీ నవాజ్ జంగ్ ఉన్నారు. ఉపాధ్యాయ మిత్రులకు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు ఉండనే ఉన్నారు. ఆబ్కారీ శాఖలో గుమాస్తాగా చేరి, అందులోనే తల నెరిసి రిటైరైన నాబోటి వారికి ఎవరున్నారు? చెట్టు పన్ను రిజిస్టర్లు, దుకాణాల వేలం ఫైళ్లు తప్ప మా శాఖకు మహనీయులు లేరని స్నేహితులు హాస్యమాడుతుంటారు. ఉన్నాడనే నేను మనవి చేస్తున్నాను. అయితే ఆయన మా బల్లకు ఇవతల కూర్చున్నవాడు కాదు, అవతల నిలబడ్డవాడు. పేరు సర్వాయి పాపన్న. కులవృత్తి కల్లుగీత. చనిపోయి 300 ఏళ్లు దాటింది.

పాపన్న పేరు తెలియని ఊరు మన ప్రాంతంలో లేదు. విగ్రహాలు వెలిశాయి, పాటలు పుట్టాయి. 2022 నుంచి ఆగస్టు 18న ప్రభుత్వమే అధికారికంగా జయంతి జరుపుతోంది. కానీ ఆయన ఏం చేశాడు, ఎలా బతికాడు, ఎలా పోయాడు అని అడిగితే మన ఇళ్లల్లోని పిల్లలు రెండు మాటలకు మించి చెప్పలేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టిన చోటు, పుట్టిన కాలం

పాపన్న పుట్టుక గురించి జనం చెప్పుకునే మాట ఇది. 1650లో ఖిలాషాపూర్‌లో ఒక గౌడ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సర్వమ్మ కష్టపడి పెంచింది. ఆమె పేరు మీదనే సర్వాయి పాపన్న అయ్యాడు. ఆనాటి పర్షియన్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ మాత్రం ఆయనను తారికొండ మనిషిగా పేర్కొన్నాడు. అదే మన తాటికొండ. ఊరి పేరులోనే తాటిచెట్టు ఉంది. రెండు ఊళ్లూ ఇప్పటి జనగామ జిల్లాలోనివే. జనగామ తాలూకా నిజాం కాలంలో మన నల్లగొండ జిల్లాలో భాగంగా ఉండేదని పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. విసునూరు, కడవెండి ఊళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో నల్లగొండ జిల్లా పేరుతోనే చరిత్రకెక్కాయి. ఇక పాపన్న దండెత్తిన భువనగిరి, ఆయన తూటాకు ఒక ఫౌజుదారు కూలిన కొలనుపాక 2016 దాకా మన జిల్లాలోనివే. కనుక పాపన్నను మన వాడనుకోవడంలో పొరపాటు లేదు.

అది ఎలాంటి కాలమో కొంచెం తెలుసుకోవాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాడు. కుతుబ్‌షాహీల చివరి సుల్తాను తానీషా ఖైదీ అయ్యాడు. పాత దొరతనం పోయి కొత్త దొరతనం వచ్చింది. కొత్తగా వచ్చిన మొగలు అధికారులకు ఈ నేల సంగతులు తెలియవు, వారికి కావలసింది వసూళ్లు. ఔరంగజేబు దక్షిణాదిలో చేస్తున్న యుద్ధాలకు సొమ్ము ఎంతైనా చాలేది కాదు. దానికి తోడు మరాఠా దండులు వచ్చి హైదరాబాదు ప్రాంతాన్ని దోచిపోయేవి. వర్షాలు సరిగా పడని ఏళ్లు కూడా కలిశాయి. ఊళ్లలో ఆసరా లేని మనుషులు, జీతాలు లేని సిపాయిలు ఎక్కువైపోయారు. పాపన్న వంటి వారు తలెత్తడానికి అదే అదను.

ఆయన వృత్తి

పాపన్న కథలో కల్లు పేరు వినబడగానే కొందరు ముఖం చిట్లిస్తారు. కనుక ఆ వృత్తి గురించి కొంత రాయక తప్పదు. మన ఎర్రనేలల్లో, రాళ్ల గుట్టల్లో వాన చాలక వరి పండని చోట కూడా తాడు నిలబడుతుంది. వాగుల వెంట ఈత పెరుగుతుంది. గీత కార్మికుడు మోకు, ముస్తాదు నడుముకు బిగించుకుని తెల్లవారక ముందే చెట్టెక్కుతాడు. తాటిచెట్టుకైతే గెల కొసను పదునైన కత్తితో పలుచగా గీసి లొట్టి కడతాడు. ఈత చెట్టుకైతే మట్టల మొదట్లో మోడును గీస్తాడు. పొద్దున గీసి, మళ్లీ సాయంత్రం గీయాలి. ఒక్క పూట తప్పితే ధార తగ్గుతుంది. లోతుగా గీస్తే చెట్టు చెడుతుంది, పైపైన గీస్తే చుక్క రాలదు. ఆ కొలత చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

గెల నుంచి జారిన రసం తియ్యటి నీరు. లొట్టిలోనే గాలికి పులియడం మొదలవుతుంది. పొద్దున దించింది మధ్యాహ్నానికి ఒక రుచి, సాయంత్రానికి మరో రుచి. మరునాటికి పుల్లబడి తాగడానికి పనికిరాదు. నిల్వ ఉండదు కనుకనే కల్లు ఎక్కడ గీస్తే అక్కడే, ఆ పూటకే అమ్ముడుపోవాలి.

ఈ సందర్భంలో పోర్చుగల్ దేశం గుర్తుకొస్తుంది. అక్కడి వారికి ద్రాక్ష సారాయి ఎంతో, మనకు కల్లు అంత. ఆ దేశం ఉత్తర భాగంలో ద్రాక్ష తీగలను చెట్ల మీదికి పాకించే పద్ధతి పూర్వం నుంచి ఉంది. కాయ కోయడానికి పొడుగాటి నిచ్చెనలు వేసుకుని ఎక్కేవారు. దక్షిణాన అలెంతేజో అనే ప్రాంతంలో ఇప్పటికీ మనిషంత మట్టి కాగుల్లో ద్రాక్షరసం పులియబెడతారు. మన లొట్టికి అది పెద్దన్న అనుకోవచ్చు. దౌరో నది లోయలో రాతి కొండలను మెట్లుగా చెక్కి తోటలు పెంచారు. అక్కడి ద్రాక్షను రాతి తొట్లలో కాళ్లతో తొక్కి రసం తీసేవారు. అది పూర్తిగా పులిసే లోపలే ద్రాక్ష నుంచి దించిన ఘాటు సారాయి కలిపి తీపి నిలిచేలా చేస్తారు. అదే పోర్టు వైను. అది చెడదు, పీపాలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. 1703లో ఇంగ్లండు, పోర్చుగల్ ఒడంబడిక చేసుకున్నాయి. పోర్చుగల్ సారాయికి ఫ్రెంచి సారాయి కంటే మూడో వంతు తక్కువ సుంకం అని అందులో రాసుకున్నారు. 1756లో అక్కడి మంత్రి పొంబల్ దౌరో లోయకు హద్దురాళ్లు పాతించి, ఆ హద్దుల్లో పండిన దానికే పోర్టు పేరు చెల్లేటట్లు చట్టం చేశాడు.

అక్కడ ద్రాక్ష రైతు పేరు మీద రాజులు ఒడంబడికలు రాసుకుంటున్న ఆ 1703లోనే, ఇక్కడ ఒక కల్లుగీత మనిషి షాపూర్ కోటలో కూర్చుని హైదరాబాదు సుబేదారుకు నిద్ర లేకుండా చేస్తున్నాడు. నిల్వ ఉండని సరుకు గీసేవాడికి దూరపు వర్తకం లేదు, రాజుల దగ్గర మాట చెల్లదు. అతని చెట్టు మీద పన్ను మాత్రం ఏ రాజ్యంలోనూ తప్పలేదు. నేను ఉద్యోగంలో రాసినవన్నీ ఆ పన్ను పద్దులే కనుక ఈ మాట తెలిసి రాస్తున్నాను.

మొదటి అడుగులు

పాపన్న కులవృత్తి చేయనని తల్లితో వాదులాడాడని, కోటలు కొట్టే మగాడినవుతానని బయలుదేరాడని జానపదులు పాడతారు. ఖాఫీ ఖాన్ రాసింది ఇంత అందంగా లేదు. 1690ల చివర పాపన్న విధవరాలైన తన సోదరి సొమ్ము బలవంతంగా తీసుకుని, ఆ డబ్బుతో మనుషులను కూడగట్టాడని రాశాడు. తాటికొండ గుట్ట మీద ఒక మోటు కోట కట్టుకుని హైదరాబాదు–వరంగల్ బాట మీద పోయే వర్తకులను దోచాడు. ఫౌజుదార్లు, జమీందార్లు కలిసి తరిమితే చాలా దూరంలోని కౌలాస్‌కు పారిపోయాడు. అక్కడి జమీందారు వెంకటరావు దగ్గర జమాదారుగా కొలువులో చేరాడు. పాత అలవాటు మానలేదు. వెంకటరావు ఆయనను ఖైదు చేశాడు.

ఖైదు నుంచి బయటపడిన తీరు విచిత్రమైనది. జమీందారు కొడుకుకు జబ్బు చేసింది. ఖైదీలను విడిచిపెడితే ఆ పుణ్యంతో బిడ్డ కోలుకుంటాడని తల్లి నమ్మింది. అందరితో పాటు పాపన్న కూడా విడుదలయ్యాడు. ఒక తల్లి మొక్కు ఆ తరువాతి పదేళ్ల తెలంగాణ చరిత్రను మార్చింది.

పాపన్న తిరిగి వచ్చి షాపూర్ చేరుకున్నాడు. సర్వా అనే స్నేహితుడు తోడయ్యాడు. అక్కడ కోట కట్టడం మొదలుపెట్టాడు. ఆ కోట శిథిలాలు ఖిలాషాపూర్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

షాపూర్ కోట

పాపన్న మీద ఫిర్యాదులు ఔరంగజేబు దాకా వెళ్లాయి. కొలనుపాక ఫౌజుదారు కాసింఖాన్‌ను పంపారు. అతడు పోరాటంలో తూటా తగిలి చనిపోయాడు. తరువాత హైదరాబాదు నాయబ్ సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు కోటను ముట్టడించాడు. పాపన్న, సర్వా తప్పించుకున్నారు. కోటను పేల్చివేసి ఖాన్ వెళ్లిపోయాడు. అతడు వెళ్లగానే వారు తిరిగి వచ్చారు. ఈసారి రాయి, సున్నంతో గట్టి కోట లేపారు.

ఇంతలో సొంత మనుషుల్లోనే గొడవ. సర్వా, పుర్దిల్ ఖాన్ అనే మరో సర్దారు ద్వంద్వ యుద్ధానికి దిగి ఇద్దరూ గాయాలతో చనిపోయారు. అప్పటి నుంచి దండు మొత్తానికి పాపన్న ఒక్కడే నాయకుడు. 1707 ప్రాంతంలో రుస్తుం దిల్ ఖాన్ మళ్లీ వచ్చి షాపూర్‌ను చుట్టుముట్టాడు. నెలల తరబడి ముట్టడి సాగాక పాపన్న ఇచ్చిన సొమ్ము తీసుకుని తిరిగి వెళ్లిపోయాడు. లంచం అనే మాట మన ఉద్యోగుల కాలంలో పుట్టింది కాదని దీనివల్ల తెలుస్తుంది.

పాపన్న వెంట ఎవరున్నారన్నది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. జానపద గాథలో ఆయన అనుచరుల పేర్లు వస్తాయి. వారిలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, దూదేకుల వారున్నారు. ముస్లిములూ ఉన్నారు. ఎదుటి పక్షాన మొగలు ఫౌజుదార్లతో పాటు హిందూ జమీందార్లు, ధనిక వర్తకులు ఉన్నారు. కనుక ఇది ఒక మతం మరో మతం మీద చేసిన యుద్ధం కాదు. ఏమీ లేనివారు ఒక పక్క, అన్నీ ఉన్నవారు మరో పక్క. ఈ సంగతిని జాన్ రిచర్డ్స్, మన వెల్చేరు నారాయణరావు గారు 1980లో ఒక వ్యాసంలో వివరించారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను చరిత్ర గురించిన తన పుస్తకంలో ఎనిమిది మంది జీవితాలు తీసుకుని, అందులో ఒక అధ్యాయం పాపన్నకు కేటాయించాడు. రాజులు, మంత్రులు, సాధువుల నడుమ మన గౌడు కూర్చున్నాడు.

వరంగల్, భువనగిరి

1707 మార్చిలో ఔరంగజేబు మరణించాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకున్నారు. హైదరాబాదును ఒక కొడుకు కాంబక్ష్ పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి ఉత్తర్వు చెల్లుతుందో ఎవరికీ తెలియని ఏడాది అది.

ఆ అదను చూసి పాపన్న 1708లో వరంగల్ మీద పడ్డాడు. మొహర్రం రోజులు, ఊరంతా పీరుల సంబరంలో ఉంది. ఆయన దండు 2, 3 వేల కాల్బలం, 4, 5 వందల గుర్రపు రౌతులు. కాకతీయుల కాలం నాటి ఆ పట్టణాన్ని దోచి, వేలమంది పెద్దింటి వారిని, ఆడవాళ్లను, పిల్లలను బందీలుగా షాపూర్ తీసుకుపోయాడు. వారిని ఉంచడానికి కోట కింద ప్రత్యేకంగా ఆవరణ కట్టించాడు.

రెండు నెలలు తిరిగాక, జూన్ 1న, మిలాద్ పండుగ నాడు భువనగిరి మీదికి వచ్చాడు. ఏకశిల మీది ఆ కోటను మనమందరం బస్సులోంచో, రైల్లోంచో చూసిన వాళ్లమే. కోట ఆయనకు చిక్కలేదు. కింద ఉన్న ఊరు చిక్కింది. మళ్లీ దోపిడీ, మళ్లీ బందీలు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట రాయాలి. పాపన్నను వీరుడిగా పూజించే వారు ఈ బందీల సంగతి ఎత్తరు. దొంగగా కొట్టిపారేసేవారు ఇది తప్ప మరోటి ఎత్తరు. వరంగల్‌లో, భువనగిరిలో చెరపట్టిన ఆడవాళ్ల ఉసురు చిన్నది కాదు. ఆ కాలంలో రాజులందరూ అదే పని చేశారని సమర్థించవచ్చు. అయినా తప్పు తప్పే. పాపన్న గొప్పతనం చెప్పేటప్పుడు దాన్ని దాచిపెట్టనక్కర లేదు. దాచితే మన మాటకే విలువ తగ్గుతుంది.

దోచిన సొమ్ముతో ఆయన రాజులాగా బతకసాగాడు. పల్లకీ ఎక్కాడు. బంజారాల ఎద్దులను వేల సంఖ్యలో పట్టించి తన పొలాలు దున్నించాడు. కోటలో 7 వందల రెండు గొట్టాల తుపాకులు సమకూర్చాడు. దోచుకు తినేవాడు పొలం దున్నించడు. దున్నించాడంటే పాపన్న మనసులో దోపిడీ కంటే పెద్ద ఆలోచన ఏదో ఉందని నా అభిప్రాయం.

పాదుషా ముందు

1709 జనవరిలో కొత్త పాదుషా బహదూర్ షా హైదరాబాదు దగ్గర తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించాడు. విజయోత్సవ దర్బారు పెట్టాడు. ఆ దర్బారుకు మన పాపన్న వెళ్లాడు. 14 లక్షల రూపాయలు కానుకగా సమర్పించాడు. పాదుషా ఆయనకు ఖిల్లత్తు, అంటే గౌరవ వస్త్రం, ఇప్పించాడు. గెల గీసే కులంలో పుట్టిన మనిషి, హిందూస్థాన్ పాదుషా చేతి మన్నన పొంది నిలబడ్డాడు. మొగలుల చరిత్ర మొత్తంలో ఇలాంటి దృశ్యాలు అరుదు.

అయితే ఆ గౌరవం కొన్నాళ్లు కూడా నిలవలేదు. బందీల తాలూకు ముస్లిం పెద్దలు పాదుషా దగ్గర మొర పెట్టుకున్నారు. తమ ఇళ్ల ఆడవాళ్లు షాపూర్‌లో బందీలుగా ఉండగా, వారిని పట్టినవాడికి సన్మానమా అని దుఃఖపడ్డారు. వారి మొర న్యాయమైనదే. పాదుషా యూసుఫ్ ఖాన్‌ను హైదరాబాదు సుబేదారుగా నియమించి, పాపన్నను అణచమని ఆజ్ఞాపించాడు.

కోట లోపలి తిరుగుబాటు

యూసుఫ్ ఖాన్ పంపిన దిలావర్ ఖాన్ సేనతో వచ్చే వేళకు పాపన్న మరో జమీందారు కోట ముట్టడిలో ఉన్నాడు. షాపూర్‌లో పాపన్న భార్య, బందీలు ఉన్నారు. ఆ బందీల్లో ఆమె అన్నదమ్ముడు ఒకడు, అతడు ఫౌజుదారు. తోబుట్టువు మీది మమకారంతో ఆమె భోజనంలో ఆకురాళ్లు దాచి పంపించింది. అతడు సంకెళ్లు కోసుకున్నాడు, తోటి ఖైదీలను విడిపించాడు. 1709 జూన్‌లో బందీలు కావలివాళ్లను లొంగదీసి కోటను స్వాధీనం చేసుకున్నారు.

పాపన్న పరుగున వచ్చాడు. తన కోట తలుపులు తనకే మూసుకున్నాయి. తాను కట్టిన గోడల మీదికి తానే తుపాకులు పేల్చవలసి వచ్చింది. వెనక నుంచి దిలావర్ ఖాన్ వచ్చి పడ్డాడు. పాపన్న తాటికొండకు తప్పుకున్నాడు. మొదలుపెట్టిన గుట్టకే మళ్లీ చేరాడు.

తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగింది. దిలావర్ ఖాన్ వల్ల కాక యూసుఫ్ ఖాన్ స్వయంగా 5, 6 వేల గుర్రాలతో వచ్చాడు. చుట్టుపక్కల జమీందార్లు తమ బలగాలతో కలిశారు. వేల గుర్రాలు, 20 వేల దాకా కాల్బలం ఒక గుట్టను చుట్టుముట్టాయి. అయినా గుట్ట లొంగలేదు. చివరకు యూసుఫ్ ఖాన్ ఒక ఎత్తు వేశాడు. పాపన్నను విడిచి వచ్చిన వారికి రెట్టింపు జీతం ఇస్తానని చాటించాడు. ఆకలితో ఉన్న మనుషులు ఒక్కొక్కరే జారిపోయారు. 1710 మార్చి నాటికి మందుగుండు అయిపోయింది. పాపన్న మారువేషంలో ఒక్కడే కోట దిగాడు. కాలికి తూటా తగిలింది.

చివరి రోజు

కుంటుకుంటూ రెండు రోజుల ప్రయాణం చేసి హసనాబాద్ అనే ఊరు చేరాడు. అక్కడ ఒక కల్లు దుకాణంలో కూర్చుని కల్లు అడిగాడు. వేషం మారింది గాని మాట తీరు మారలేదు. పోసేవాడు తన కులం వాడే. గొంతు విన్నాడు, ముఖంలోకి చూశాడు, గుర్తుపట్టాడు. కబురు వెళ్లింది. పాపన్న దొరికిపోయాడు.

కొద్ది రోజులలోనే ఆయనను చంపారు. తలను పాదుషా దగ్గరికి పంపారు, దేహాన్ని హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. నాలుగు కోటలు చేయలేని పని ఒక కల్లు దుకాణం చేసింది. పట్టించినవాడిని నిందించడం తేలిక. కానీ సర్కారు సేనలు ఊళ్లను జల్లెడ పడుతున్న రోజుల్లో, ఇల్లూ పిల్లలూ ఉన్న ఒక సామాన్యుడు భయపడ్డాడంటే అది పెద్ద ఆశ్చర్యం కాదు. రెట్టింపు జీతానికి కోట దిగినవారు కూడా ఆకలికి దిగినవారే. పాపన్న బలమంతా పేదల్లో ఉంది. సర్కారు ఆ పేదరికాన్నే పట్టుకుని ఆయనను కూల్చింది.

కాగితం, పాట

పాపన్న గురించి మనకు రెండు రకాల సాక్ష్యాలు మిగిలాయి. ఒకటి పర్షియన్‌లో దర్బారు మనిషి రాసిన గ్రంథం. అందులో ఆయన దోపిడీదారు. రెండోది పాట. పాపన్న పోయిన 160 ఏళ్లకు కూడా ఆ పాటను జనం పాడుతూనే ఉన్నారు. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి తెలుగు జానపద గాథల గురించి ఒక పత్రికలో రాస్తూ దాన్ని అచ్చువేశాడు. పాటలో ఆయన వీరుడు. గోల్కొండను కొన్నాళ్లు ఏలాడని కూడా జనం నమ్ముతారు. దర్బారు గ్రంథంలో ఆ ఊసు లేదు.

జీవితమంతా ఫైళ్లు రాసినవాడిగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. ఫైలు అబద్ధం చెప్పదు గాని, అడిగిన దానికే జవాబు చెబుతుంది. పన్ను ఎంత వచ్చింది, ఎవరు ఎగవేశారు అని అడిగితే అదే రాసి ఉంటుంది. ఆ మనిషి ఎందుకు ఎగవేశాడన్నది ఫైల్లో గడి లేని ప్రశ్న. నా సర్వీసు కాలంలో ఒక గీత కార్మికుడు చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. అతని భార్య సహాయపు సొమ్ము కోసం ఒక కార్యాలయం చుట్టూ ఏడాదిన్నర తిరిగింది. చెట్టు నంబరు రిజిస్టరులో ఉన్న నంబరుతో కలవలేదని కాగితం తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. సొమ్ము చేతికందే నాటికి మనిషి లేడు. ఆ ఫైలు తెరిచి చూస్తే ఒక్క తప్పు మాట కనబడదు, అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. ఖాఫీ ఖాన్ పుస్తకం కూడా అలాంటి ఫైలే. అందులో ఉన్నదంతా కొట్టివేయనక్కర లేదు. లేనిది ఏమిటో కూడా చూడాలి. అలాగే పాటను తలకెత్తుకుని, ఫైల్లోని బందీలను మరచిపోకూడదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసినవాడికే మనిషి కనబడతాడు.

మోకు తెగి, కాలు జారి గీత కార్మికులు నేటికీ పడిపోతూనే ఉన్నారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కవచాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అది మంచి పని. కాటమయ్యను మొక్కి చెట్టెక్కేవాడికి దేవుని పేరుతో పాటు గట్టి తాడు కూడా కావాలి కదా.

మన మనవలు, మనవరాళ్లు వరంగల్ దారిలో పోయేటప్పుడు జనగామ దాటాక ఖిలాషాపూర్ వైపు ఒకసారి తిప్పి, ఆ పాత బురుజులు చూపించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. కాకతీయుల తోరణం చూపించడానికి తీసుకెళ్లే ఓపిక మనకు ఉన్నప్పుడు, దారిలో ఉన్న గౌడు కోటకు ఒక గంట ఇవ్వడం భారం కాదు. పిల్లలు అడిగితే పాపన్న మంచిదీ చెప్పండి, చెడ్డదీ చెప్పండి. పాదుషా దర్బారులో నిలబడ్డ రోజూ, హసనాబాద్ దుకాణంలో కల్లు అడిగిన రోజూ రెండూ చెప్పండి.